అమ్మ నడుం ఆపరేషన్‌కి ఇల్లు సిద్ధమేనా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లె. నేను పెళ్లయి ఒంగోల్లో ఉంటున్నాను, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అమ్మకు 61 ఏళ్లు, షుగరుంది. ఏడాదిగా కాస్త దూరం నడిస్తే చాలు రెండు కాళ్లూ లాగేస్తున్నాయి, తిమ్మిర్లు. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. ఎంఆర్ఐ తీసి, నడుం కింది భాగంలో ఎల్4-ఎల్5 అనే పూసల దగ్గర పూస కొంచెం జారింది, నరాల దారి ఇరుకైంది, స్క్రూలు వేసి ఆపరేషన్ చేయాలన్నారు. నాయన ఒప్పుకోవడం లేదు. మా ఊళ్లో ఒకాయన ఇదే ఆపరేషన్ చేయించుకుని మంచాన పడ్డాడట. బెంగళూరులో ఉన్న అన్న చెన్నై తీసుకెళ్దామంటాడు. ఆపరేషన్ అయ్యాక అమ్మను ఎక్కడ ఉంచాలి, ఎవరు చూసుకోవాలి, ఎన్నాళ్లకు తేరుకుంటుంది? అమ్మేమో అల్లుడింట్లో నెలల తరబడి ఉండనంటుంది. ఇంట్లో రెండు బర్రెలున్నాయి. పైగా ఆపరేషన్ బాగా జరిగితే మాలకొండ నరసింహస్వామి గుడికి నడిచి ఎక్కుతానని మొక్కుకుంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.
— ఒక కూతురు, ఒంగోలు

సమాధానం:

అమ్మా, మీరు ఆపరేషన్ గురించి రాసింది కొంచెం, ఆ తర్వాత ఇంటి సంగతి గురించి రాసింది ఎక్కువ. దిగులు పడాల్సిన చోటే పడుతున్నారు. ఆపరేషన్ సర్జన్ పని, కొన్ని గంటల్లో అయిపోతుంది. తర్వాతి మూడు నెలలు మీ అందరి పని. నెల్లూరులో ఫిజియోథెరపిస్టుగా నేను చూసేవాళ్లలో ఎక్కువ మంది వెనకబడేది ఆపరేషన్ చెడిపోయి కాదు. ఇంటికి తెచ్చాక 'పెద్ద ఆపరేషన్ అయింది, కదలనివ్వకూడదు' అని ప్రేమకొద్దీ మంచం మీదే ఉంచేస్తారు, అందువల్ల.

ముందు నాయన భయం గురించి. దాన్ని కొట్టిపారేయకండి. మీ ఊరాయన ఆపరేషన్‌కి ముందు ఎలా ఉన్నాడో మాత్రం వాళ్లింట్లో అడిగి తెలుసుకోండి. మన వైపు చాలామంది నాటువైద్యం, తైలం మర్దన, పుత్తూరు కట్టు అన్నీ తిరిగి, పాదం లేవని స్థితిలోనో, మూత్రం మీద అదుపు పోయాకనో ఆస్పత్రికి చేరతారు. అప్పటికే నరం దెబ్బతిని ఉంటుంది. ఆపరేషన్ ఇంకా చెడిపోకుండా ఆపగలదు గానీ పోయిన బలమంతా తిరిగి తెచ్చివ్వలేదు. ఊళ్లో మాత్రం 'ఆపరేషన్ చేయించుకుని పడిపోయాడు' అన్న మాటే మిగులుతుంది. అలాగని ఈ ఆపరేషన్‌లో ప్రమాదమే లేదని నేననను. ఇన్ఫెక్షన్, నరం పొర చిరగడం, అరుదుగా నరం దెబ్బతినడం, స్క్రూ వదులవడం ఉంటాయి. సర్జన్ దగ్గరికి నాయన్ని కూడా తీసుకెళ్లి, తన సందేహాలు తననే అడగనివ్వండి. మీరు వెళ్లొచ్చి చెప్తే ఆయనకు నమ్మకం కుదరదు.

మీ అమ్మకు ఉన్నదేమిటంటే, నడుం పూసల మధ్యగా కాళ్లకు దిగే నరాల దారి ఇరుకైపోయింది. నిటారుగా నడిచినప్పుడు అది మరింత బిగుసుకుని కాళ్లు లాగుతాయి. కూర్చున్నా, ముందుకు వంగినా కాస్త వదులవుతుంది. వంద గజాలు నడవలేని మనిషి సైకిల్ తొక్కగలగడం, తోపుడు బండి పట్టుకుని వంగి అయితే చాలా దూరం పోగలగడం ఈ జబ్బులో మామూలే. షుగరున్న వాళ్లలో ఇంకొక అనుమానం కూడా తీర్చుకోవాలి. కాళ్లకు రక్తం తెచ్చే నాళాలు పూడుకుపోయినా నడిస్తే ఇలాగే లాగుతుంది. తేడా ఏమిటంటే, ఆ నొప్పి ఊరికే నిలబడినా తగ్గిపోతుంది, కూర్చోవాల్సిన పని లేదు. అమ్మ పాదాల దగ్గర నాడి అందుతోందో లేదో డాక్టరుని చూడమనండి. నిమిషం పని.

మీది దర్శి వైపు అన్నారు కాబట్టి ఇంకో మాట. దర్శి, పొదిలి, కనిగిరి మెట్ట ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్త కాదు. 1970లో కొత్త జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ నీళ్ల వల్ల మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే వైద్యులు ఇక్కడి ఊళ్లను చూసి రాశారు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముకలే కాదు, పూసల్ని కలిపే పట్టీలు కూడా దళసరెక్కి గట్టిపడతాయి. అది నడుం దగ్గరే కాదు, మెడలోనూ వీపు మధ్యలోనూ వెన్నుపామును నొక్కవచ్చు. అమ్మకు అన్నం ముద్ద కలపడంలో, జాకెట్ హుక్కులు పెట్టుకోవడంలో చేతులు తడబడుతున్నాయా? కాళ్లు బిర్రబిగిసి, చీకట్లో తూలుతోందా? అలాంటివి ఉన్నా లేకపోయినా, మెడ నుంచి కిందిదాకా మొత్తం వెన్నెముకకు స్క్రీనింగ్ ఎంఆర్ఐ అయిందా అని అడగండి. పైన ఒత్తిడి ఉండగా నడుం ఒక్కటే బాగు చేస్తే నడక కుదురుకోదు.

తర్వాత స్క్రూలు. ఇది సూటిగా అడగాల్సిన ప్రశ్న. నరాల దారి వెడల్పు చేయడం ఒకటి, పూసల్ని స్క్రూలూ రాడ్లూ వేసి అతికించడం మరొకటి. రెండోది తోడైతే ఆపరేషన్ పెద్దదవుతుంది, ఖర్చు పెరుగుతుంది, తేరుకోవడం నెమ్మదవుతుంది. 2016లో స్వీడన్ వైద్యులు, 2021లో నార్వే వైద్యులు మీ అమ్మలాంటి కేసుల మీదే పరీక్షలు జరిపి, పూస కొంచెం జారిన చాలామందిలో దారి వెడల్పు చేస్తే సరిపోతుందని, స్క్రూల వల్ల రెండేళ్ల తర్వాత పెద్దగా అదనపు మేలు కనబడలేదని తేల్చారు. అదే 2016లో అమెరికాలో చేసిన పరీక్షలో స్క్రూలు వేసినవాళ్లకు కొద్దిగా మేలు కనబడింది. కాబట్టి మీ సర్జన్ చెప్పింది తప్పని నేను చెప్పడం లేదు. వంగినప్పుడూ నిటారుగా ఉన్నప్పుడూ తీసిన ఎక్స్‌రేల్లో పూస కదులుతుంటే స్క్రూలు అవసరం పడవచ్చు. "అమ్మకు స్క్రూలు ఎందుకు తప్పవు?" అని అడగండి. ఎక్స్‌రే చూపించి వివరించే డాక్టరైతే సగం దిగులు అక్కడే పోతుంది. విసుక్కుంటే సెకండ్ ఒపీనియన్‌కి వెళ్లండి, మొహమాటం అక్కర్లేదు. పాదంలో బలం తగ్గలేదు, ఒంటికీ రెంటికీ ఇబ్బంది లేదంటే నెల రోజులు ఆలోచించుకోవడానికి టైముంది.

కానీ మలమూత్రాలు తెలియకుండా పోవడం, మూత్రం బిగపట్టినట్టై రాకపోవడం, కూర్చునే భాగమంతా మొద్దుబారడం, పాదం హఠాత్తుగా లేవకపోవడం, వీటిలో ఏది కనబడినా ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాల్సిందే.

ఇక ఆపరేషన్‌తో ఏం తగ్గుతుందో అందరూ ఒకచోట కూర్చుని వినండి. కాళ్ల లాగుడు తగ్గి నడిచే దూరం పెరుగుతుంది, ఎక్కువ మందికి మేలు కనిపించేది అక్కడే. నడుం నొప్పి అంత నమ్మకంగా తగ్గదు. తిమ్మిర్లు అన్నిటికన్నా ఆలస్యంగా, నెలల మీద తగ్గుతాయి, కొంత మిగిలిపోవచ్చు కూడా. షుగరు వల్ల పాదాల్లో ఉండే తిమ్మిరికి ఈ ఆపరేషన్‌తో సంబంధమే లేదు. ఈ మాట ముందు తెలియని ఇళ్లలో రెండో నెలకల్లా 'లక్షలు పోశాం, నడుం నొప్పి అట్లాగే ఉంది' అని గొడవ మొదలవుతుంది.

మీ ఉత్తరంలో అన్న మాట ఉంది, నాయన మాట ఉంది. అమ్మ మొక్కు తప్ప, ఆపరేషన్‌తో ఆమెకు ఏం కావాలో మాత్రం లేదు. ఆమెను అడగండి. గుడిదాకా నడవాలనుందా, పొలం గట్టుదాకానా, రాత్రిపూట కాళ్లు లాగకుండా నిద్రపోతే చాలా? ఆమె చెప్పింది సర్జన్‌కి చెప్పండి. అది ఆపరేషన్‌తో అందేదో కాదో ఆయన తేల్చగలడు.

ఎక్కడ చేయించాలన్నది. నెల్లూరు, ఒంగోలు మనుషులకు పెద్ద జబ్బంటే చెన్నై వైపు చూడటం అలవాటు. చెన్నైలో మంచి సర్జన్లున్నారు, కాదనను. అయితే ఒంగోలు నుంచి చెన్నై దాదాపు 300 కిలోమీటర్లు. పుండు తడిసినా, జ్వరం వచ్చినా, కుట్లు విప్పాలన్నా, ఎక్స్‌రే చూపించాలన్నా అంత దూరం పోవాలి, కొత్తగా కుట్లు పడిన నడుముతో. ఈ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్ ఒంగోల్లోనో నెల్లూరులోనో గుంటూరులోనో దొరికితే నా ఓటు దగ్గరున్న చోటుకే. హోర్డింగుల మీద లేజర్, కీహోల్ (చిన్న కోతతో చేసేది) అని రాసింది చూసి మాత్రం ఆస్పత్రి ఎంచుకోకండి. ఇలాంటివి నెలకెన్ని చేస్తారు, ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేస్తారు అని అడగండి.

డబ్బు విషయం పొడిగా చెప్పేస్తాను. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే పథకం పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్ పేరు కాగితం మీద రాయించుకుని, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి అది ప్యాకేజీలో ఉందా, స్క్రూల ఖర్చు అందులోకి వస్తుందా అని చేరకముందే అడగండి. 104కి ఫోన్ చేసినా చెప్తారు.

షుగరు అదుపులోకి రాకుండా తొందరపడొద్దు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంతకు దిగితే చేస్తారో అడిగి, ఈ నెల రోజులూ దాని మీద పెట్టండి. షుగరు ఎక్కువుంటే పుండు మానదు, చీము పడుతుంది. గుండెకు, రక్తం పలచబడటానికి వాడే మాత్రలుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు. కీళ్ల నొప్పులకని తెచ్చుకున్న పొడులు, లేహ్యాలు ఉంటే వాటినీ చూపించండి. అమ్మకు పొగాకు నమిలే అలవాటుంటే దాచిపెట్టకుండా చెప్పండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా పుండు మానడాన్నీ ఎముక అతకడాన్నీ వెనక్కి లాగుతుంది.

ఇప్పుడు ఇల్లు. ఈ పనులన్నీ ఆపరేషన్‌కి ముందే అయిపోవాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ముందే కొని పెట్టండి. మంచం గట్టిగా ఉండాలి, కూర్చుంటే మోకాళ్లకన్నా పిరుదులు కిందికి పోనంత ఎత్తులో. కుంగిపోయే నవారు మంచం, సోఫా పనికిరావు. చేతులున్న కుర్చీ ఒకటి. స్నానాల గదిలో ఎత్తు స్టూలు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, కింద జారని చాప. రాత్రిపూట బాత్రూముకు పోయే దారిలో లైటు. గడప ఎత్తుగా ఉంటే అక్కడ ఎవరో ఒకరు చెయ్యందించాలి. హవాయి చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి కొనండి. రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తులో ఉన్న అరల్లోకి మార్చండి, వంగి తీసుకునే పని, అందుకోవడానికి సాగే పని ఉండకూడదు.

ఆస్పత్రి రోజుల గురించి పెద్దగా కంగారుపడకండి, అక్కడ చూసేవాళ్లుంటారు. చాలామందిని మర్నాడే కూర్చోబెట్టి, నిలబెట్టి, నాలుగడుగులు వేయిస్తారు. 'నిన్ననే కోశారు, ఇవాళే నడిపిస్తారా' అని మీ నాయన కేకలేయకుండా ముందే చెప్పి ఉంచండి. మంచం దిగే పద్ధతి మాత్రం మీరు దగ్గరుండి నేర్చుకోవాలి. మోకాళ్లు ముడిచి, భుజం, నడుం, కాళ్లు దుంగ దొర్లినట్టు ఒకేసారి పక్కకు తిరగాలి. తర్వాత కాళ్లు మంచం కిందికి వదులుతూ చేత్తో మంచాన్ని నెట్టుకుని లేవాలి. వెల్లకిలా పడుకున్న మనిషిని చేతులు పట్టి లాగి లేపకూడదు. ఇది ఇంట్లో అందరికీ వచ్చేదాకా డిశ్చార్జికి తొందరపడకండి. అంతా సవ్యంగా ఉంటే నాలుగైదు రోజుల్లో పంపిస్తారు. ఇంటికి తెచ్చేటప్పుడు కారు ముందు సీటు వెనక్కి వాల్చి తీసుకురండి, ఆటో వద్దు.

మొదటి రెండు వారాలు కోసిన చోట నొప్పి ఉంటుంది, అది మామూలే. రోజూ ఐదారుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, వసారాలోనే నడిపించండి. వారం వారం కొంచెం పెంచండి, ఆరు వారాలకు ఒక విడతలో అరగంట నడవగలిగితే బాగున్నట్టే. మన ఎండలకు పొద్దున ఏడులోపు, సాయంత్రం పొద్దు వాలాక. కూర్చోవడం ఒక్కసారికి అరగంట మించొద్దు, టీవీ సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేపి నిలబెట్టండి. ఏడో రోజుకో పదో రోజుకో కాళ్ల నొప్పి మళ్లీ కాస్త రావచ్చు. అది చాలాసార్లు లోపలి వాపు వల్ల వచ్చేదే. డాక్టరుకి ఫోన్‌లో చెప్పండి, ఆపరేషన్ పోయిందని ఏడవకండి. కుట్లు 12 నుంచి 14 రోజులకు తీస్తారు, అందాకా పుండు తడవకూడదు.

స్క్రూలు వేస్తే మూడు నెలలు మూడు పనులు లేవు: నడుము వంచడం, బరువెత్తడం, నడుము తిప్పి వెనక్కి చూడటం. నీళ్ల బిందె, బియ్యం బస్తా, మనవళ్లు, ఏదీ ఎత్తకూడదు. బెల్టు డాక్టరు చెప్పినంత కాలం, చెప్పినప్పుడే. అదే పనిగా కట్టుకుని ఉంటే నడుము కండరాలు ఊరికే బలహీనపడతాయి. ఎముక అతకడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. బాగుందని నాలుగో నెలలో కళ్లాపి చల్లి ముగ్గెయ్యడానికి వంగిన వాళ్లను నేను చూస్తూనే ఉంటాను.

తిండి దగ్గర మన పెద్దవాళ్లతో పెద్ద యుద్ధమే. పప్పు తింటే చీము పడుతుందంటారు, చేపలు వద్దంటారు, గుడ్డు వేడంటారు. పుండు మానడానికి, కండ పట్టడానికి ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు, చేపల పులుసు, పెరుగు అన్నీ పెట్టండి, షుగరుంది కాబట్టి అన్నం తగ్గించండి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుం పట్టేస్తుంది. నీళ్లు, ఆకుకూరలు, జామకాయ, అవసరమైతే ఇసబ్‌గోల్ మొదటి రోజు నుంచే.

జ్వరం, పుండు నుంచి చీము, నీళ్లలాంటి ద్రవం కారి లేచి కూర్చుంటే తలనొప్పి, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం, ఇవి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి.

ఇప్పుడు అసలు గొడవ, అమ్మ ఎక్కడుండాలి? నా మాటేమంటే మొదటి ఆరు వారాలు ఒంగోల్లో మీ దగ్గరే. కుట్లు, రివ్యూ, ఫిజియో అన్నీ దగ్గర. ఆ తర్వాత ఊరు. అల్లుడింట్లో ఉండనన్న మాటకు మీరు ఎంత నచ్చజెప్పినా లాభం లేదు. మీ ఆయనే ఊరికి వెళ్లి "అత్తయ్యా, ఆరు వారాలు మా ఇంట్లో ఉండాలి" అని పిలవాలి. ఎన్నాళ్లో ముందే చెప్తే ఆమెకూ తేలిగ్గా ఉంటుంది. మీరు స్కూలుకు వెళ్లే వేళల్లో ఒక ఆయాను పెట్టుకోండి, ఆ జీతం మీ అన్న ఇవ్వాలి. అలాగని డబ్బు పంపి ఊరుకుంటే కుదరదు. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ, రివ్యూలకూ ఆయన రావాలి. బాత్రూము దగ్గర అమ్మ కొడుకు సాయం తీసుకోదు, నిజమే. పొద్దున సాయంత్రం పక్కన నడవడానికి, మాత్రల లెక్క చూడటానికి, బిల్లులకు కొడుకు చాలు. ఈ పంపకం ఫోన్లో కాదు, ముగ్గురూ ఒకచోట ఉన్నప్పుడు ఆపరేషన్ తేదీకి ముందే తేల్చుకోండి. లేకపోతే మొత్తం మీ నెత్తిన పడుతుంది, మూడో వారానికి మీరు అమ్మ మీద అరుస్తారు.

బర్రెలు. నాయన ఒక్కడే రెండిటినీ చూడలేకపోతే పాలిచ్చేదాన్ని ఆరు నెలలు చుట్టాలకో పక్కింటివాళ్లకో అప్పజెప్పండి, లేదా అమ్మేయండి. అవి దొడ్లో ఉన్నన్నాళ్లూ 'రెండు చెంబులు పిండి వస్తాను' అని అమ్మ లేవకుండా ఆపడం మీ తరం కాదు. గొంతుకూర్చుని పాలు తీయడం ఈ నడుముకు ఇక ముందు కూడా మంచిది కాదు. నాయన ఈలోపు అన్నం వండటం, చారు కాచడం నేర్చుకోవాలి. ఆరు వారాల తర్వాత అమ్మ ఊరికి వచ్చిందంటే మర్నాడే పొయ్యి దగ్గర నిలబడాల్సి రాకూడదు.

మాలకొండ మొక్కు సంగతి. అక్కడ దర్శనం శనివారమే కాబట్టి జనం తోపులాట ఎక్కువ. మూడు నెలల ఎక్స్‌రే చూసి సర్జన్ సరేనంటే కారులో తీసుకెళ్లి చూపించి తీసుకురండి. నడిచి ఎక్కడం ఆరు నెలల ఎక్స్‌రే తర్వాత మాట, అదీ అప్పటికి రోజూ గంట నడక అలవాటైతేనే. మెట్లు దిగేటప్పుడే మోకాలు వదులవుతుంది, పక్కన ఒకరుండాలి. ఎంఆర్ఐ ఫిల్ములు, సీడీ, డిశ్చార్జి కాగితం, స్క్రూల స్టిక్కరు అతికించిన కాగితం, అన్నీ ఒకే సంచిలో పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి. అన్నతో బెంగళూరు పంపించకండి.